కురరీ కవి ముకుటధర పాండేయుడు

హిందీ సాహిత్యమున ఛాయావాద మన్నంతనే జయశంకర ప్రసాదుడు, నిరాలా, సుమిత్రానందన పంతు, మహాదేవీ వర్మ యను నలువురి పేర్లు స్ఫురించుట సహజము. ఆ కవితోద్యమమునకు ఛాయావాద మను పేరును చర్చకు యోగ్యముగా మొదట నిలిపినవాడును, ఆ ధోరణి గల తొలి కవితలలో నొకదానిని అచ్చున వెలువరించినవాడును ముకుటధర పాండేయుడు. ఇతని పేరు సాహిత్య చరిత్రలలో తఱచు అధస్సూచికలకే పరిమితమైనది. ఇతడు ఛత్తీస్‌గఢ వాసి. ఆ కవిత ఒక వలసపక్షిని సంబోధించి చెప్పినది. 1920 జూలై నాటి సరస్వతీ మాసపత్రికలో ప్రకటితమైన యా యొక్క కవితయు, అదే సంవత్సరమున జబల్‌పూరునుండి వెలువడుచుండిన శ్రీ శారదా పత్రికలో వచ్చిన నాలుగు వ్యాసములును ఇతని కీర్తికి మూలాధారములు. ఈ రెండును చిరకాలము పాత పత్రికల సంపుటములలోనే మఱుగుపడియుండుటచేత, ఇతని జీవితమును తెలియుట యనగా ఆ సంపుటముల చరిత్రమును గూడ కొంత తెలియుట యగుచున్నది.

ముకుటధరుడు 1895 సెప్టెంబరు 30వ తేదీన మహానదీ తీరమునందలి బాలపుర గ్రామమున జన్మించెను. తండ్రి చింతామణి పాండేయుడు, తల్లి దేవహూతీదేవి. అన్నదమ్ములలో ఇతడు కనిష్ఠుడు. బాలపురము చంద్రపుర క్షేత్రమునకు చేరువనున్న పల్లె. ఒడిస్సా సరిహద్దు అచటికి దగ్గఱ. ఇంట ఛత్తీస్‌గఢీ, చదువున హిందీ సంస్కృతములు, ఇరుగుపొరుగున ఒడియా వినుచు పెరిగిన బాలునకు భాషల నడుమ గోడలు లేవు. తెలుగు పాఠకునకు ఇచట ఒక విశేషము తోపక మానదు. గబ్బిలము కర్త గుఱ్ఱము జాషువ వినుకొండలో జన్మించినది 1895 సెప్టెంబరు 28వ తేదీన. రెండు దినముల యెడముతో పుట్టిన యీ కవు లిరువురును ఒకరినొకరు ఎఱుగకయే, రాత్రివేళ నెగురు ప్రాణితో మాటాడు మనుష్యుని తమ కావ్యములందు నిలిపిరి.

ముకుటధరుని అన్న లోచనప్రసాద పాండేయుడు. 1887లో జన్మించి 1959లో గతించిన యీతడు కవి, పురాతత్త్వ పరిశోధకుడు. తమ్ముని సాహిత్య జీవితమున కితడే తొలి గురువని చెప్పవచ్చును. ఇతని రచనలలో మృగీదుఃఖమోచన మను కావ్యమొకటి కలదు. ఆపదలో చిక్కిన యొక లేడి దైన్యము అందు ఖడీబోలీ సవైయాలలో వర్ణితము. ఆచార్య రామచంద్ర శుక్లుడు తన హిందీ సాహిత్య చరిత్రలో ఈ కావ్యమును ప్రస్తావించి, పశువుల వఱకు వ్యాపించిన ఇతని దయాదృష్టిని మెచ్చుకొనెను. మూగజీవి దుఃఖమును కావ్యవస్తువుగా స్వీకరించుట ఆ యింట అన్నతోడనే మొదలైనదన్న మాట. తమ్ముడు చేసిన మార్పు వేఱు. అన్న లేడి కష్టమును కథగా చెప్పెను. తమ్ముడు పక్షి కష్టమును ప్రశ్నగా మార్చెను.

లోచనప్రసాదుని పురాతత్త్వ కృషిలో ఒక ఘట్టమును ఇచట చెప్పవలసియున్నది. 1921 వేసవిలో కిరారీ గ్రామమున హీరాబంధ మను చెఱువు ఎండగా, బురద త్రవ్వుచున్న వారికి ఒక ప్రాచీన దారుస్తంభము దొరికెను. దానిపై బ్రాహ్మీ లిపిలో శాసనము కలదు. శతాబ్దుల కాలము నీటిలో నిలిచిన యా కొయ్య ఎండకు ఆరుటతోనే పగిలి, అక్షరములు పెచ్చులుగా రాలిపోవ నారంభించెను. ఆ యూరి పండితుడు లక్ష్మీప్రసాద ఉపాధ్యాయుడు బ్రాహ్మీ లిపి నెఱుగనివాడైనను, కంటికి కనబడిన యక్షరములను కనబడినట్లే కాగితముపై దింపెను. ఆ నకలు లోచనప్రసాదుని ద్వారా విద్వాంసుల చేరెను. హీరానంద శాస్త్రి దానిని ఎపిగ్రాఫియా ఇండికా పదునెనిమిదవ సంపుటమున పరిష్కరించి ప్రకటించెను. నగరరక్షి, సేనాపతి, ప్రతీహారుడు, గణకుడు మొదలగు రాజోద్యోగుల పేర్లు గల యా శాసనమునకు నేడు ఆ నకలే ప్రధానాధారము. స్తంభము రాయపూరునందలి మహంత ఘాసీదాస స్మారక సంగ్రహాలయమున నున్నది. 1875లో రాజనాందగాఁవ్ సంస్థానాధిపతి ఘాసీదాసుని దాతృత్వమున వెలసిన యీ సంగ్రహాలయపు నూతన భవనమును 1953లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుడు ప్రారంభించెను.

ముకుటధరుడు పెరిగిన కాలమున ఛత్తీస్‌గఢము మధ్యపరగణాలలో నొక మూల. పెద్ద నగరములు లేవు. ఉన్నత విద్యాపీఠములు లేవు. రైలుమార్గము వచ్చిన పిదప రాయపూరు, బిలాసపూరులకు తెలుగు కుటుంబములు ఉద్యోగార్థము వచ్చి స్థిరపడుచుండిన దినములవి. అట్టిచోట సాహిత్యమునకు త్రోవ చూపినది పత్రిక. 1900లో మాధవరావు సప్రే పేండ్రానుండి ఛత్తీస్‌గఢ మిత్ర యను మాసపత్రికను వెలువరించెను. అది తొలుత రాయపూరులో ముద్రితమైనది. ఆ పత్రిక మూడు సంవత్సరములకే నిలిచిపోయినను, ఆ ప్రాంతపు యువకులకు అచ్చుకాగితముపై తమ మాటను చూచుకొను నాస కలిగించిపోయెను. అదే 1900లో ప్రయాగయందలి ఇండియన్ ప్రెస్సు సరస్వతిని ప్రారంభించెను. 1903లో మహావీరప్రసాద ద్వివేది దాని సంపాదకత్వమును స్వీకరించి, వ్రజభాషను తొలగించి ఖడీబోలీని కవితాభాషగా నిలిపెను. వ్యాకరణమున, వస్తువున, నీతియందు ద్వివేది కఠినుడు. ఆతని చేతి కలము తాకని రచన సరస్వతిలో అరుదు. బాలపురమువంటి పల్లెకు గూడ తపాలాబంట్రోతు సరస్వతిని తెచ్చుచుండెను. ముకుటధరుని సాహిత్య విద్యాలయ మదియే.

ఇతని తొలి పద్యరచన 1909లో, పదునాలుగేండ్ల ప్రాయమున, ఆగ్రానుండి వెలువడుచుండిన స్వదేశ బాంధవ పత్రికలో ప్రకటితమయ్యెను. 1916లో పూజా ఫూల్ అను కవితా సంకలనము వచ్చెను. తరువాతి రెండు మూడేండ్లలో శైలబాల, లచ్ఛమా, పరిశ్రమ, హృదయదాన, మామా అను గ్రంథములు వెలువడెను. వీనిలో లచ్ఛమా ఫకీరమోహన సేనాపతి ఒడియా నవలకు అనువాదము. పరిశ్రమ వ్యాససంపుటి. ఈ గ్రంథముల పేర్లను బట్టియే ఆనాటి ద్వివేది యుగపు రుచి తెలియుచున్నది. భక్తి, శ్రమ, సదాచారము, కథాకథనము. ఇరువది నాలుగేండ్ల వయసున ఇతడు ఈ బాటనుండి ప్రక్కకు తిరిగెను. తిప్పినది మహానది మీది పక్షి.

మహానది బాలపురమువద్ద విశాలము. వర్షాకాలమున ఒడ్డులు తెలియనంత పారి, శరత్తు గడచిన పిదప సన్ననై, మైళ్లకొలది ఇసుకతిన్నెలను విడుచును. ఆ తిన్నెలకు, ప్రక్కనున్న పొలములకు శీతకాలమున దూరదేశములనుండి పక్షులు గుంపులుగా వచ్చును. ఆ ప్రాంతమువారు వానిని కుర్రీ లందురు. పగలు మేత మేసి, రాత్రి ఆకసమున కేక లిడుచు సాగిపోవు వానిని వినుట ఆ యూళ్లవారికి ఏటేటి యనుభవము. వినుట యనుటయే సమంజసము. చీకటిలో వాని రూపము కనబడదు. ఆ కంఠధ్వని శోకమువలె తోచుట వినువాని మనస్సు చేయు పని. పక్షి తన తోడివానిని పిలుచుకొనుచుండవచ్చును.

కవిత పేరు సంకలనములలో రెండు విధములుగా కనబడుచున్నది. కొందఱు కుర్రీ కే ప్రతి యనియు, కొందఱు కురరీ కే ప్రతి యనియు వ్రాయుదురు. ఈ భేదము స్వల్పమని త్రోసివేయరాదు. కుర్రీ యనునది మహానది యొడ్డున పల్లెవారి నోటనున్న మాట. కురరి యనునది కాళిదాసు నాటినుండి కావ్యములందున్న మాట. రఘువంశము పదునాలుగవ సర్గమున లక్ష్మణుడు విడిచిపోయిన సీత బెదరిన కురరివలె విలపించును. భాగవత దశమస్కంధము చివర శ్రీకృష్ణుని భార్యలు నిదురలేక కూయు కురరిని పలుకరించి, తమ దుఃఖమే దానికిని కలిగెనేమో యని యడుగుదురు. అదే భాగవతమున ఏకాదశ స్కంధమున అవధూత ఇరువదినలుగురు గురువులలో కురరము నొకనిగా చెప్పును. అచట అది మాంసఖండమును ముక్కున కఱచుకొని పోవుచు, బలవత్తరములైన పక్షులు తఱుమగా దానిని విడిచి సుఖపడిన పక్షి. అమరసింహుడు కురరమునకు ఉత్క్రోశమను పర్యాయమును చెప్పినాడు. గట్టిగా అఱచునది యని దాని యర్థము. విద్వాంసులు కురరమును చేపలు పట్టు డేగగా గుర్తించిరి. కొందఱు నదులపై తిరుగు ఱెక్కపొడుగు రేవుపక్షులతో పోల్చిరి. రాజస్థానమున శీతకాలమున దిగు ఒక చిన్న జాతి కొంగను కుర్జా యందురు. అచటి స్త్రీలు జానపద గేయములలో దానిని దూతగా చేసి పరదేశ మేగిన భర్తలకు వార్త పంపుదురు.

ముకుటధరుని పక్షి డేగ కాదు. డేగ యొంటరిగా వేటాడును. రాత్రి యాకసమున విలపించుచు పోదు. విదేశమునుండి వచ్చినది, రాత్రి పయనించునది, ఎగురుచు నెడతెగక కూయునది యని కవితయే చెప్పుచున్నది. అది గుంపుతో వచ్చు వలసపక్షి. గుంపునుండి వెనుకబడిన యొక్క పక్షి. అందుచేత పల్లెవారి కుర్రీయే కవి విన్న పక్షి యనియు, సంస్కృతపు కురరి దానికి కావ్యజగత్తు ఒసగిన నీడ యనియు నిర్ణయించుట యుక్తము. ధ్వనిసామ్యము రెంటిని కలిపినది. సీతా విలాపమును, ద్వారకాంగనల నిద్రలేమిని ఎఱిగిన పాఠకుడు కుర్రీ యనగనే కురరిని వినును. కవి యీ లాభమును పొందినాడు గాని దానిపై నాధారపడలేదు.

కవిత ఆద్యంతము ప్రశ్నలే. ఊరివారందఱు నిదురించిరి, తక్కిన పక్షులు సుఖముగా నున్నవి, ఇంత రాత్రి దాక నీవెక్కడ వెనుకబడితివని కవి ఆ పక్షి నడుగును. ఏదో మాయా ప్రాంతపు చిత్రవర్ణ సౌందర్యమునకు లోనై దారి మఱచితివా? ఆశ యను ఎండమావి నిన్ను వంచించెనా? దిక్కు తప్పి యెదురు త్రోవ పట్టితివా? అంతరిక్షమున నెడతెగని యా రోదన మెవరికొఱకు? ఎవరికిని తెలియని దుష్కృత మొకటి గుర్తునకు వచ్చి కాల్చుచున్నదా, లేక ప్రియవియోగమా? వెన్నెలరాత్రి గూడ నీ విషాదమును హరింపజాలదా? పుట్టిన నేల తలపునకు వచ్చెనా? ఆకసమున వ్రేలాడు రత్నదీపములను ఇంద్రజాలమనుకొని దగ్గఱకు పోవుటకు జంకుచున్నావా? ఏ ప్రశ్నకును సమాధానము లేదు. శూన్యాకాశమున ఆ విలాపమును వినువారు లేరని కవి పక్షితో ననును. అయినను తాను మేల్కొని వినుచునే యున్నాడు.

ఈ ప్రశ్నలలో ఒక క్రమము కలదు. మొదటివి పక్షికి తగినవి: ఆలస్యము, దారి తప్పుట. నడిమివి క్రమముగా మనుష్యునికి తగినవి యగుచున్నవి. దాచుకొన్న పాపమును తలచి దుఃఖించుట పక్షులకు లేదు. ఆ ప్రశ్న కడకు వచ్చునప్పటికి అడుగువాడే అడుగబడువాడైనాడని పాఠకునకు తెలియును. కవి మాత్రము ఆ సంగతి పైకి చెప్పడు. ద్వివేది యుగపు కవియైనచో ఇచట పక్షి ద్వారా స్వదేశభక్తినో, తోటివారి నెడ దయనో బోధించి ముగించియుండెడివాడు. ముకుటధరుడు బోధను విడిచిపెట్టెను. అర్థమును నేరుగా చెప్పక నీడగా పడనిచ్చెను. హిందీ కవిత్వమున కప్పటి కిది క్రొత్త.

పక్షి శోకమునుండి కవిత్వము పుట్టుట యనునది మన సాహిత్యమున కాదికథ. క్రౌంచమిథునమును గూర్చిన వాల్మీకి శోకము శ్లోకమైన గాథ నెఱుగనివారు లేరు. రాయపూరు సమీపారణ్యమునందలి తుర్తురియా వాల్మీకి యాశ్రమ స్థానమని ఛత్తీస్‌గఢమువారి నమ్మకము. మేఘదూతమున యక్షుడు నివసించిన రామగిరి సర్గుజా ప్రాంతపు రామగఢమే యని చెప్పువారును కలరు; నాగపూరు చెంతనున్న రామటేకమని మఱికొందఱు. వాల్మీకి పక్షి యేల యేడ్చుచున్నదో కంటితో చూచెను. కారకుడైన కిరాతుని శపించెను. కాళిదాసు యక్షుడు మేఘమునకు తన కష్టము చెప్పుకొని వార్త పంపెను. 1941లో జాషువ గబ్బిలమున తంజావూరి యస్పృశ్యుడు తన గుడిసెలోనికి వచ్చిన గబ్బిలమునకు తన జాతి వేదనను విన్నవించి, తనకు ప్రవేశము లేని గుడిలోని కాశీ విశ్వనాథుని చెవిని వేయుమని వేడుకొనెను. ఆ పక్షికి కోవెల ద్వారము తెఱచియుండుట, ఆ మనుష్యునకు మూసియుండుట. కావ్యమంతయు ఆ యొక్క యన్యాయముపై నిలిచినది. అచట మనుష్యుడు చెప్పును, పక్షి వినును. ముకుటధరుని కవితలో పక్షి యేడ్చును, మనుష్యు డడుగును. శత్రువు లేడు, సందేశము లేదు, చేరవలసిన దైవము లేడు. కావ్యబలమున జాషువకే యగ్రస్థానము. ఆతని ప్రశ్న సమాజమును నిలదీయును. ముకుటధరుని చిన్న కవిత సాధించినది వేఱు. కారణము తెలియని దుఃఖమునకు హిందీలో ఒక స్వరము దొరకినది.

అదే 1920లో జూలై, సెప్టెంబరు, నవంబరు, డిసెంబరు మాసములలో శ్రీ శారదా పత్రికయందు ఇతడు హిందీలో ఛాయావాద మను శీర్షికతో నాలుగు వ్యాసములను ప్రకటించెను. కవితయు, మొదటి వ్యాసమును ఒకే మాసమున రెండు పత్రికలలో వెలువడుట గమనింపదగినది. లక్ష్యమును ప్రయాగలో, లక్షణమును జబల్‌పూరులో ఒకేసారి లోకమున కందించినాడన్న మాట. క్రొత్త కవితయందలి అస్పష్టతను ఎగతాళి చేయుచుండిన కాలమున, ఆ యస్పష్టత యేమో, ఏల యవసరమో ఇతడు వివరింప బూనెను. పాశ్చాత్య సాహిత్యముతోగాని వంగసాహిత్యముతోగాని పరిచయము గలవారికి ఈ పదము మిస్టిసిజమునకు మారుగా వచ్చినదని వెంటనే తెలియునని ఇతని వాదము. 1913లో రవీంద్రునకు నోబెల్ బహుమానము వచ్చిన పిదప ఉత్తరదేశపు యువకవుల మనస్సులు ఎటు మొగ్గియుండెనో ఈ మాటలవలన తెలియును. తెలుగున రాయప్రోలు సుబ్బారావు తృణకంకణముతో మొదలై కృష్ణశాస్త్రి కృష్ణపక్షముతో పరిపాకము పొందిన భావకవిత్వమునకును ఆ పేరు విషయమున ఇట్టి వెక్కిరింపులు, సమర్థనలు తప్పలేదు. రెండు భాషలలోను పేరు నిలిచినది, వెక్కిరింపు పోయినది.

విరోధము త్వరలోనే వచ్చెను. 1927 మేలో ద్వివేది సుకవి కింకరుడను మారుపేరుతో సరస్వతిలో నాటి హిందీ కవులను తీవ్రముగా విమర్శించుచు వ్యాసము వ్రాసెను. అప్పటికి ప్రసాదుని ఆఁసూ, పంతు పల్లవము వెలువడియుండెను. యుద్ధము పెద్దవారి నడుమ సాగెను. దానికి పేరు పెట్టినవాని నెవరును పిలువలేదు. రామచంద్ర శుక్లుడు మాత్రము తన చరిత్రలో క్రొత్త కవితాధారకు మైథిలీశరణ గుప్తుని, ముకుటధర పాండేయుని ప్రవర్తకులుగా పేర్కొనెను. ఛాయావాదమునెడ శుక్లునకు గౌరవము తక్కువ. అయినను న్యాయము చెప్పుటకు వెనుదీయలేదు. 1955లో నామవర సింహుడు తన ఛాయావాద గ్రంథమును ఆరంభించుచు శ్రీ శారదాలోని వ్యాసమాలను తొలి యాధారముగా పరిశీలించెను. పరిశోధకుడు పాత సంపుటమును తెఱచినగాని ముకుటధరుని పేరు బయటికి రాలేదనుటకు ఇది నిదర్శనము.

ఛాయావాదమున తొలి కవిత యేదను వివాదము ఇప్పటికిని వినబడుచుండును. నిరాలా తన జూహీ కీ కలీ 1916లో వ్రాసినదని చెప్పుకొనెను. ప్రసాదుని ఝరనా 1918లో వచ్చెను. రచనాకాలమును గూర్చిన కవుల మాటకు విలువ కలదు గాని పరిశోధనకు ముద్రణకాలమే గట్టి నేల. తొలి స్థానమునకై పోటీ పెట్టుటకంటె, ఒక్క పల్లెటూరి యువకుడు ఒక్క మాసమున కవితను, దాని శాస్త్రమును గూడ ప్రకటించెననుట ఎక్కువ విశేషము. ఆ పని తక్కిన మువ్వురు నలువురిలో ఎవరును అప్పటికి చేసియుండలేదు.

ఇంత చేసినవాడు తరువాత దాదాపు మౌనము వహించెను. 1920 తరువాతి దశాబ్దులలో ఇతని నుండి చెప్పుకోదగిన కవితా సంపుటము రాలేదు. రాయగఢమున స్థిరపడి, పత్రికలకు అప్పుడప్పుడు వ్యాసములు వ్రాయుచు కాలము గడపెను. ఖైరాగఢమునకు చెందిన పదుమలాల పున్నాలాల బక్షీ 1920 తరువాత సరస్వతీ సంపాదకుడై ఛత్తీస్‌గఢపు పేరును ప్రయాగలో నిలిపెను. ముకుటధరుడు తన నది యొడ్డునే యుండిపోయెను. కుర్రీ కవిత పాఠ్యసంకలనములలో చేరి విద్యార్థులకు తెలిసినదే గాని, దాని చుట్టునున్న తక్కిన కవితలు, శ్రీ శారదా వ్యాసములు పుస్తకరూపము పొందలేదు. ఒక కవికి ఇంతకంటె హాని లేదు. గ్రంథము చెడినచో మఱియొక ప్రతి దొరకును. మాసపత్రిక చదివినవెంటనే పాతకాగితమగును. 1920 నాటి కాగితము ఆమ్లగుణముచే పసుపువన్నెకు తిరిగి, మడతవద్ద విఱుగును. బైండింగు కుట్టునప్పుడు అట్టలను, ప్రకటనల పుటలను చింపివేయు నలవాటుచేత మాసము, సంచిక సంఖ్య గూడ కొన్నిచోట్ల పోవును.

ఇట్టి పత్రికలను కాపాడిన గ్రంథాలయములకు సాహిత్య చరిత్ర మెంతయో ఋణపడియున్నది. 1893లో కాశిలో నెలకొనిన నాగరీ ప్రచారిణీ సభయొక్క ఆర్యభాషా పుస్తకాలయము వానిలో ముఖ్యము. ద్వివేది తన చేతిదిద్దుబాటులతో గూడిన సరస్వతీ వ్రాతప్రతులను ఆ సభకే సమర్పించెను. కవి పంపిన మాట యేది, సంపాదకుడు మార్చిన మాట యేది యని తెలిసికొనుటకు హిందీలో ఇట్టి నిధి మఱియొకటి లేదు. 1984లో భోపాలున మాధవరావు సప్రే పేరిట పత్రికల సంగ్రహాలయము స్థాపితమయ్యెను. పేండ్రాలో మూడేండ్లు నడచిన చిన్న పత్రికకు సంపాదకుడై, 1926లో రాయపూరులో గతించినవాని పేరు దేశపు పాత పత్రికల భాండాగారమునకు చెల్లుట ఉచితము. తెలుగువారికి 1918లో నెలకొనిన వేటపాలెపు సారస్వత నికేతనము చేసిన సేవ ఇట్టిదే. కుర్రీయా, కురరియా యన్న పాఠభేదమునకు నిర్ణయము తరువాతి సంకలనములలో లేదు. 1920 జూలై సరస్వతి పుటయందున్నది. సంకలనకర్తలు పదమును సంస్కరించుట హిందీలో తఱచు. పల్లెమాటను కావ్యపదముగా దిద్దినచో మహానది పక్షి రఘువంశములోనికి ఎగిరిపోవును.

కడపటి దశలో గుర్తింపు వచ్చెను. 1976లో భారత ప్రభుత్వము పద్మశ్రీ నొసగెను. రాయపూరునందలి రవిశంకర విశ్వవిద్యాలయము గౌరవ డి.లిట్. పట్టముతో సత్కరించెను. వీనికంటె ముఖ్యమైనది 1983లో జరిగెను. శ్రీ శారదా వ్యాసములు ఛాయావాద ఏవం అన్య నిబంధ అను గ్రంథముగా వెలువడెను. అచ్చైన నాటికిని పుస్తకమైన నాటికిని నడుమ అఱువది మూడేండ్లు. వ్రాసిన యిరువదినాలుగేండ్ల యువకుడు ఎనుబదియెనిమిదేండ్ల వృద్ధుడై తన మొదటి సిద్ధాంతమును పుస్తకముగా చేతబట్టెను. ప్రసాదుడు, నిరాలా, పంతు అప్పటికి లేరు; మహాదేవి మాత్రము జీవించియుండెను.

ఆ వృద్ధాప్యముననే ఇతని మేఘదూతపు ఛత్తీస్‌గఢీ అనువాదము వెలువడెను. హిందీలో మేఘదూతానువాదములకు కొదవ లేదు. తల్లినాటి పలుకుబడిలోనికి, రామగిరి తమదే యని నమ్ము జనుల నోటిలోనికి కాళిదాసును తెచ్చుట వేఱు పని. యౌవనమున పల్లె పక్షిని హిందీలోనికి తీసికొనిపోయినవాడు చివర కాళిదాసు మేఘమును పల్లెకు దించెను. ముకుటధర పాండేయుడు 1989 నవంబరు 6వ తేదీన, తొంబదినాలుగేండ్లు నిండిన పిదప, రాయగఢమున దివంగతుడయ్యెను.